దిగువమెట్ట నుంచి దొరబావి వైపు పాత మీటర్‌గేజ్ కట్ట మీద నడవొచ్చా?

ఒంగోలు నుంచి ఒక తమ్ముడు అడిగారు. నల్లమల ఘాట్‌లో వాడకం ఆగిపోయిన దొరబావి రైలు వంతెన ఫొటో చూశారట. నలుగురు స్నేహితులు డిసెంబరులో దిగువమెట్టలో రైలు దిగి, పాత మీటర్‌గేజ్ (ఇరుకు పట్టాల) దారి పట్టుకుని నడవాలనుకుంటున్నారు. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, పర్మిషన్ కావాలా, బూట్లు ఎలాంటివి వేసుకోవాలి, బొగదాలోకి (సొరంగంలోకి) వెళ్లొచ్చా, రాత్రికి టెంటు వేసుకోవచ్చా అని ప్రశ్నలు. చివర్లో ఒక మాట కూడా రాశారు: "రైలు దారే కదా, ఎక్కుడు పెద్దగా ఉండదు, ఈజీగానే ఉంటుందనుకుంటున్నాం." నాకు టెన్షన్ పుట్టించింది ఆ చివరి మాటే. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందు నా సంగతి. రైల్వేలో పట్టాల పని చూసే పర్మనెంట్ వే మేస్త్రీగా చేరి సెక్షన్ ఇంజనీరుగా రిటైరయ్యాను. మొదటి పన్నెండేళ్లు మీటర్‌గేజ్ మీదే గడిచాయి. కంభం, గిద్దలూరు, దిగువమెట్ట, చలమ, గాజులపల్లె మధ్య పట్టాలెంబడి నడిచిన నడకకి ఎన్ని జతల బూట్లు అరిగాయో లెక్క లేదు.

ఎక్కుడు పెద్దగా ఉండదన్నది నిజమే. ఇనప పట్టా మీద ఇనప చక్రం కదా, కాస్త ఎక్కువ ఎక్కించామంటే అక్కడే గిరగిరా తిరుగుతుంది, ముందుకి పోదు. అందుకే రైల్వేలో 100 మీటర్లకి ఒక మీటరు ఎక్కినా దాన్ని గట్టి ఎక్కుడు కిందే లెక్కేస్తాం. వంపు ఉన్నచోట చక్రం పట్టాని ఒరుసుకుంటుంది కాబట్టి అక్కడ ఎక్కుడు ఇంకాస్త తగ్గిస్తాం. శివరాత్రికి వెంకటాపురం నుంచి పెచ్చెర్వు మీదుగా శ్రీశైలం నడిచినవాళ్లని అడిగి చూడండి. భీముని కొలను దాటాక కైలాసద్వారం మెట్లు మోకాళ్లని ఎలా పిండుతాయో చెప్తారు. అదీ నల్లమలే, ఇదీ నల్లమలే. రైలు కట్ట మీద మీ మోకాలికి కొండ ఎక్కుతున్న సంగతే తెలియదు.

ఆ సుఖం కోసం కట్టినవాళ్లు ఏం చేశారో చూడండి. కొండ అడ్డొస్తే కోశారు, లోయ అడ్డొస్తే మట్టి పోసి కట్ట లేపారు, మరీ లోతైతే వంతెన వేశారు, మరీ ఎత్తైతే బొగదా తొలిచారు. మనిషి నడిచిన కాలిబాట ఇలా ఉండదు. అది వాగు దగ్గరికి మెల్లగా దిగుతుంది, తేలికైన చోట దాటుతుంది, మళ్లీ ఎక్కుతుంది. రైలు దారి మాత్రం వాగు మీదికి సమానంగా వచ్చి, వంతెన ఉందన్న నమ్మకంతో గాల్లోకి పోతుంది. వాడకం ఆగిపోయిన దారిలో ఆ వంతెన మీద గర్డర్లు (ఇనప దూలాలు) లేకపోతే మీరు నిలబడేది గోడ అంచున. ముందు వాగు లోతు, రెండు పక్కలా నిటారు కట్ట. అందుకే మీరు అడిగిన కిలోమీటర్లు నేను చెప్పను. చెప్తే దాన్ని నాలుగుతో భాగించి గంటలు లెక్కేసుకుంటారు. ఇలాంటి దారిలో లెక్కపెట్టుకోవాల్సినవి వంతెనలు.

ఇది నేను పుస్తకంలో చదివింది కాదు, ఈ వయసులో నా మీదికొచ్చిందే. రిటైరయిన రెండో ఏడు అడివి వాళ్ల అనుమతి తీసుకుని, అడివి కాపలా చూసే బీట్ వాచర్‌ని తోడు పెట్టుకుని, పాత కట్ట ఒక ముక్క చూద్దామని వెళ్లాను. వాచర్ చెంచు మనిషి, మాటలు తక్కువ. నాకేమో నోరు ఆగదు. ఇక్కడ పట్టాల పనివాళ్ల గ్యాంగ్ హట్ ఉండేది, అక్కడ బండి నీళ్లు పట్టుకునేది అని చెప్పుకుంటూ ముందు నడుస్తున్నాను. రెండు పక్కల నుంచీ లాంటానా పొద కమ్ముకుని ఉంది, మధ్యలో మనిషి పట్టేంత సందు. కాలి కింద ఎండాకు, ఆకు కింద కంకర గరగరమంటోంది. "సార్, ఆగండి" అన్నాడు. ఆగాను. పక్కకొచ్చి నా ముందు ఆకుల్లోకి కర్ర పొడిచాడు. మోచేతి దాకా దిగింది, కింద ఏమీ తగల్లేదు. పొద పక్కకి వంచి చూస్తే మూడు నిలువుల కింద వాగు బండలు. నేను వంతెన గోడ చివరి రాయి మీద నిలబడి ఉన్నాను.

సిగ్గేసింది. ఎందుకంటే గుర్తు నా పక్కనే ఉంది. అంతకు ముందు పది అడుగుల నుంచీ కట్ట అంచున ఉత్త మట్టి పోయి, చెక్కిన రాళ్ల వరస మొదలైంది. అది వంతెన రెక్క గోడ. వంతెన వస్తుంటే కట్టని పట్టి ఉంచడానికి ముందుగానే మొదలవుతుంది. పాత కట్ట మీద ఎక్కడైనా సరే, పక్కన చెక్కిన రాళ్లు వరసగా కనపడ్డాయంటే ఆగాలి. కాలి కింద కంకర చప్పుడు మారినా ఆగాలి. ముందు నడిచే మనిషి చేతిలో కర్ర ఉండాలి, ఆ కర్ర కాలి కంటే ముందు నేలని తాకాలి. ఫోన్లో వీడియో తీసుకుంటూ నడిచే మనిషి వరసలో ఆఖర్న ఉండాలి.

ఆ ఖాళీ గట్టిగా పన్నెండు మీటర్లు కూడా ఉండదు. దిగి, దాటి, అవతల ఎక్కేసరికి యాభై నిమిషాలు పట్టింది. దిగడంలోనూ ఒక కిటుకుంది. వంతెనకి దిగువ వైపు నుంచి దిగకూడదు. ఏళ్ల తరబడి నీళ్లు దూకి దూకి అక్కడ గుంట పడి ఉంటుంది, పైకి నీళ్లు నిలకడగా కనపడతాయి, లోతు తెలియదు. ఎగువ వైపు దిగితే వాగు పరుచుకుని ఉంటుంది. మిగిలిపోయిన గర్డరు మీద నుంచి దాటేద్దామనే ఆలోచన అసలు పెట్టుకోవద్దు. పైన పెయింటు బాగానే ఉన్నట్టుంటుంది. రివెట్ తల కింద తుప్పు ఎంత తిన్నదో చూడాలంటే సుత్తితో కొట్టి వినాలి. సర్వీసులో ఉండగా అలా వింటూ తిరగడమే ఒక డ్యూటీ. ఇప్పుడక్కడ వినేవాళ్లెవరూ లేరు.

ఈ లైను ఎందుకు వచ్చిందో కూడా తెలిస్తే చూసే చూపు మారుతుంది కాబట్టి కాస్త చెప్తాను. 1876-78 నాటి పెద్ద కరువులో మన రాయలసీమ, ఈ నల్లమల చుట్టుపక్కల పల్లెలు నానా అగచాట్లు పడ్డాయి. కరువు ప్రాంతాలకి గింజలు చేరాలంటే రైలు ఉండాలని 1880 నాటి కరువు కమిషన్ చెప్పింది. అలా 1880లలో బళ్లారి సీమ నుంచి కృష్ణా వైపు మీటర్‌గేజ్ వేశారు. సదరన్ మరాఠా రైల్వే కంపెనీ పుట్టింది 1882లో, దాని చేతి కింద నడిచిన లైను ఇది. నంద్యాల దాటాక నల్లమల అడ్డం. దాన్ని దాటించడానికే ఈ ఘాట్, ఈ బొగదా, ఈ దొరబావి వంతెన. పేరులోనే దొరా ఉన్నాడు, బావీ ఉంది. రాళ్లు మోసిన కూలీల పేరు మాత్రం ఎక్కడా లేదు.

1990లలో ఈ లైనుని బ్రాడ్‌గేజ్ చేశారు. మీటర్‌గేజ్‌లో పట్టాకీ పట్టాకీ మధ్య 1000 మిల్లీమీటర్లు, బ్రాడ్‌గేజ్‌లో 1676. పెద్ద బండి పాత ఇరుకు వంపుల్లో తిరగలేదు, బరువుకి పాత వంతెన ఆగదు. అందుకని ఘాట్‌లో కొంత మేర దారి మార్చి, కొత్త బొగదా తొలిచారు. దొరబావి వంతెన అలా పక్కన పడింది. మీరు పట్టించుకోవాల్సింది ఇదే: మార్చింది కొంత మేరే. మిగతా చాలా దూరం పాత కట్టనే వెడల్పు చేసి దాని మీదే కొత్త పట్టాలు వేశారు. కాబట్టి దిగువమెట్టలో దిగి "పాత దారి" పట్టుకుంటే మీరు నడిచేది చాలావరకు బండ్లు తిరిగే లైను మీదే.

అది చట్టరీత్యా నేరం. 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా చిన్నదే కదా అనుకోవద్దు, మా భయం జరిమానా గురించి కాదు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో బండి ఘాట్ ఎక్కుతుంటే ఆ రొప్పు రెండు వంపుల అవతల నుంచే వినపడేది. ఇప్పుడు కరెంటు ఇంజను. దిగుడులో వచ్చేటప్పుడు దానికి పెద్దగా చప్పుడుండదు. కొండ కోసిన కటింగ్‌లో రెండు పక్కలా రాతి గోడ, గాలి ఎదురుగా ఉంటే వంపు తిరిగి మీ మీదికొచ్చే దాకా తెలియదు. పక్కకి తప్పుకోవడానికి అక్కడ ఉండేది మోరీ అంత సందు. మా ట్రాక్‌మన్లకి కూడా ఇలాంటి చోట కాపలాకి ఒక మనిషి ఉంటాడు, జెండా పట్టుకుని, విజిల్ నోట్లో పెట్టుకుని. మీకు అలా ఎవరుంటారు?

కర్ణాటకలో ఇదే గొడవ పెద్దదైంది. సకలేశపుర నుంచి కుక్కే సుబ్రహ్మణ్య వైపు ఘాట్‌లో బొగదాల గుండా నడవడం ఒకప్పుడు కుర్రాళ్లకి పెద్ద సరదా, రైల్వే నిషేధించింది. గోవా సరిహద్దులో దూద్‌సాగర్ జలపాతానికి పట్టాలెంబడి వెళ్లినవాళ్లని 2023 జూలైలో రైల్వే పోలీసులు పట్టుకుని గుంజిళ్లు తీయించారు, ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. నవ్వుకున్నాం గానీ, శవాలు ఏరుకోవడం కంటే గుంజిళ్లు తీయించడం నయం అనుకునే పరిస్థితి వాళ్లది.

ఇక వాడకంలో లేని ముక్క. అది రైల్వే లెక్కలోంచి తప్పుకుంటే అడివి వాళ్ల లెక్కలోకి వస్తుంది. ఈ కొండలు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోవి, ఇటు పక్క గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పర్మిట్ లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. దిగువమెట్ట వైపు గిద్దలూరు అటవీ డివిజన్, చలమ వైపు నంద్యాల డివిజన్. మీ నడక రెండు వైపులా పడితే ఇద్దరినీ అడగాలి, ఒకరిచ్చిన కాగితం ఇంకొకరి దగ్గర చెల్లదు. అర్జీలో నలుగురి పేర్లు, ఆధార్ నంబర్లు, ఏ రోజు, ఏ పాయింటు నుంచి ఏ పాయింటు దాకా, ఎందుకు అన్నది రాయండి. "ట్రెక్కింగ్" అని ఒక్క మాట రాస్తే పక్కన పడేస్తారు. "పాత దొరబావి వంతెన చూసి, ఫొటోలు తీసుకుని, అదే రోజు సాయంత్రానికి తిరిగి వస్తాం, వాచర్‌ని తోడు ఇవ్వగలరు" అని రాయండి. ఇవ్వరనే అనుకుని వెళ్లండి. ఇస్తే అదృష్టం. ఇవ్వకపోతే బతిమాలొద్దు, దొడ్డిదారిన అసలు పోవద్దు. 2024 జూన్‌లో ఈ ఘాట్‌లోనే గిద్దలూరు-నంద్యాల రోడ్డు మీదున్న పచ్చర్ల ఊరి దగ్గర కట్టెలకి వెళ్లిన ఒకామెని చిరుత చంపేసింది. ఆ ఊరామె, ఆ అడివి తెలిసిన మనిషి.

అనుమతి వచ్చిందనుకుందాం. ఇంట్లో కూర్చుని చేసుకోవాల్సిన పని ముందు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 పటాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దిగుతాయి. వాటితో పాటు 1950లలో అమెరికా సైన్యం మన దేశానికి వేసిన 1:2,50,000 పటాలు కూడా దొరుకుతాయి, యూ502 సిరీస్ అంటారు. అందులో ఉన్నది మీటర్‌గేజ్ నాటి లైను. మా మేనల్లుడు వాటిని ఉపగ్రహ చిత్రం మీద పెట్టి చూపించాడు. కొత్త లైను నుంచి పాతది విడిపోయే చోటు, మళ్లీ కలిసే చోటు రెండూ తెలిసిపోతాయి. అడివిలో కాలిబాట వంకరటింకరగా ఉంటుంది, పాత రైలు దారి దబ్బనంతో గీసినట్టు నున్నటి వంపు తిరుగుతుంది. ఆ గీత వాగుని కోసిన ప్రతిచోటా పెన్సిల్‌తో అడ్డగీత పెట్టండి. ఒక్కో అడ్డగీతకి గంట. మిగతా దారికి, పొద ఉంటుంది కాబట్టి, గంటకి కిలోమీటరున్నర మించి లెక్కేయొద్దు. ఇప్పుడు మీ ప్లాన్ ఒక్క రోజులో పడుతుందో లేదో మీకే తెలుస్తుంది. పన్నెండున్నరకి ఎక్కడుంటే అక్కడ వెనక్కి తిరగండి. శీతాకాలం ఆ లోయల్లో అయిదింటికే చీకటి ముసురుతుంది, ఫోన్ సిగ్నల్ ఉండదు.

నెల విషయంలో డిసెంబరు మంచి ఆలోచనే. జూలై నుంచి సెప్టెంబరు దాకా పులుల అభయారణ్యాల్లో సందర్శకుల్ని ఆపేస్తారు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలతాయి, వాటికోసం ఎలుగుబంట్లు తిరుగుతాయి. ఎలుగుకి చూపు తక్కువ, మనం హఠాత్తుగా ఎదురుపడితే భయంతోనే మీదికొస్తుంది. కటింగ్‌లోకి దిగేముందు గట్టిగా మాట్లాడుకోండి, కర్రతో రాయి మీద కొట్టండి. కటింగ్‌కి ఉండేవి రెండే దారులు, ఎలుగుకి తప్పుకునే టైమ్ ఇవ్వాలి. డిసెంబరుకి ఉన్న పీడ దూలగొండి. కాయలు అప్పటికి ఎండి ఉంటాయి, ఆ నూగు చర్మం మీద పడితే ఇక చెప్పక్కర్లేదు. నిండు చేతుల చొక్కా, మెడకి తువ్వాలు. పడితే గోకొద్దు, నీళ్లు పోసి రుద్దొద్దు, ఎండు మట్టి గానీ పేడ గానీ రాసి ఆరాక దులిపేవాళ్లం మేము.

బూట్ల గురించి అడిగారు. మడమ పైదాకా వచ్చేవి, గట్టి అడుగు ఉన్నవి. రైల్వే కంకర రాయి పిడికిలంత ఉంటుంది, కోణాలు ఉండాలనే అలా కొడతారు, గుండ్రంగా ఉంటే పట్టు ఉండదు. రైలుకి పట్టిచ్చే ఆ కోణమే మీ మడమని తిప్పుతుంది. పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లు మిగిలున్న చోట ఇంకో ఇబ్బంది. స్లీపరుకీ స్లీపరుకీ మధ్య అరవై, అరవై అయిదు సెంటీమీటర్లు. మనిషి అడుగు దానికంటే కాస్త పెద్దది. ఒక్కో స్లీపరు మీద వేస్తే కుంటినడక, రెండేసి వేస్తే గెంతుడు. కొత్తగా చేరిన గ్యాంగ్‌మన్‌ని నడక చూసి పట్టేసేవాళ్లం. ఆర్నెల్లకి అడుగు పొట్టిదవుతుంది, ఇంట్లో భార్య నవ్వుతుంది. నీళ్లు మనిషికి నాలుగు లీటర్లు మోయండి, వాగు నీళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు. వంతెన రాళ్ల సందుల్లో, పిట్టగోడల మీద చేతులు పెట్టొద్దు, రక్తపింజరలకి అవి మంచి ఇళ్లు. ఎత్తు స్తంభాల కింద తలెత్తి చూడండి. పెద్ద తేనెపట్లు వేలాడుతుంటే అక్కడ సెంటు, సిగరెట్టు, డ్రోను మూడూ వద్దు.

బొగదాలోకి వెళ్లొచ్చా? బండ్లు తిరిగే బొగదాలోకి ఎవరు రమ్మన్నా వెళ్లొద్దు. లోపల గోడలో మనిషి దాక్కునే గూళ్లు ఉంటాయి, అవి మా కోసం కట్టినవి. బండి వస్తుంటే అందులోకి ఒదిగి, గోడకి వీపు ఆనించి, లుంగీ గానీ తువ్వాలు గానీ గాలికి ఎగరకుండా చేత్తో పట్టుకుని నిలబడాలి. మొదటిసారి నిలబడ్డప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. బండి పోయాక పక్కనున్న మా గ్యాంగ్ పెద్ద, మేటు, "బయటికి రా నాయనా" అని చెయ్యి పట్టి లాగితే గానీ కాళ్లు కదల్లేదు. వదిలేసిన బొగదా అయినా మొహం దగ్గర నుంచే చూడండి. లైనింగు రాళ్ల మధ్య సున్నం వదిలి ఉంటుంది, మోరీ పూడి నీళ్లు నిలుస్తాయి, చల్లదనానికి ఏ జంతువైనా పడుకుని ఉండొచ్చు.

అనుమతి రాకపోతే ఉసూరుమని ఇంటికి పోవద్దు. గిద్దలూరులో పగటి ప్యాసింజరు ఎక్కి నంద్యాల దాకా కిటికీ పక్కన కూర్చోండి. కటింగ్‌లు, కట్టలు, బొగదా అన్నీ కూర్చున్న చోటికే వస్తాయి. అడివి చూడాలంటే దోర్నాల రోడ్డులో తుమ్మలబైలు సఫారీ ఉంది, అటు బైర్లూటిలో అడివి శాఖ క్యాంపు ఉంది. పట్టాల పక్కన నడిచిన సరదా తీరాలంటే మహారాష్ట్రలో మాథెరాన్ పోండి. 1907లో వేసిన బుల్లి లైను, రెండడుగుల గేజ్. ఊళ్లోకి మోటారు బండ్లు రానివ్వరు, దస్తూరి దగ్గర దిగి జనమంతా పట్టాల పక్కనే నడుచుకుంటూ పోతారు.

నెల్లూరు జిల్లా వాళ్లెవరైనా చదువుతుంటే వాళ్లకీ ఒక మాట. రాపూరు దగ్గర వెలిగొండల్ని దాటడానికి ఓబులవారిపల్లె-వెంకటాచలం లైనులో 6.6 కిలోమీటర్ల బొగదా తొలిచారు, 2019లో ప్రారంభమైంది. మా తాతల కాలపు ఇంజనీర్లు కొండ చుట్టూ తిరిగి పోనిచ్చారు, ఇప్పటివాళ్లు నేరుగా కొండ పొట్టలోంచి పోనిచ్చారు. అక్కడ నడవడానికి ఏమీ లేదు గాబట్టి అక్కడికి పోయి ప్రయత్నాలు చేయొద్దు.

టెంటు సంగతి: వద్దు. గిద్దలూరులో రూమ్ తీసుకోండి. వాచర్ తోడు వస్తే ఆయనకీ కలిపి అన్నం మూట కట్టించుకోండి, పొద్దున ఆరున్నరకి చెక్‌పోస్టు దగ్గర ఉండండి, కర్రలు నాలుగు కాకుండా అయిదు పట్టుకెళ్లండి. ఒకటి తప్పకుండా విరుగుతుంది.